మాస్టారి తాళం

కిందటి వారం మాస్టారిని మనం సేఫ్టీ ఆఫీసు గుమ్మంలో వదిలిపెట్టాం. కాళ్లకి గని బురద, చేతిలో టోపీ, జేబులో తాళంచెవి. అంతకుముందు ఆయన, ఆయన దగ్గర పని నేర్చుకున్న మేనకోడలు కింది గ్యాలరీలో, అంటే గని అడుగు సొరంగంలో, పంపు కేబులు జాయింటు విప్పుతున్నారు. ఫోనొచ్చింది. ఇద్దరూ ఉన్నపళంగా పైకి రావాలి, కార్డులు తేవాలి. మేనకోడలు స్విచ్చి మీదున్న తన తాళం తీసుకుని వెంట వచ్చింది. మాస్టారు తన తాళాన్ని స్విచ్చి మీదే ఉంచేసి వచ్చాడు. పని సగంలో ఉంది కాబట్టి.

ఈ వారమే మొదలుపెట్టినవాళ్ల కోసం ఆ తాళం సంగతి కొంచెం చెప్పాలి. గనిలో కరెంటు తీగ మీద చెయ్యి వేసే ప్రతి మనిషీ ముందు దాని స్విచ్చి ఆపుతాడు. ఆపిన స్విచ్చికి తన తాళం వేసుకుంటాడు. ఇద్దరు పనిచేస్తే రెండు తాళాలు, నలుగురైతే నాలుగు. ఎవరి తాళం వాళ్లే వెయ్యాలి, ఎవరి తాళం వాళ్లే తియ్యాలి. తాళం వేలాడుతోందంటే ఆ తీగ మీద ఎవరిదో చెయ్యి ఉందని లెక్క. మేనేజరైనా సరే, ఇంకొకరి తాళం ముట్టుకోడు.

ఇక మాస్టారు అన్న పేరు బడి వల్ల వచ్చింది కాదు. గనుల్లో పనిచేసే ఎలక్ట్రీషియన్లు ఏడాదికోసారి రిఫ్రెషర్ క్లాసుకి కూర్చోవాలని ప్రభుత్వ నిబంధన. ఆ క్లాసు చెప్పేది ఈయన. ఆ పని మొదలుపెట్టినప్పటి నుంచి వీధిలో కిరాణా కొట్టువాడు కూడా మాస్టారనే అంటాడు.

"రండి మాస్టారూ, కూర్చోండి" అన్నాడు మేనేజరు.

మాస్టారికి అప్పుడే అనుమానం వచ్చింది. ఆ గదిలో బురద బట్టలతో వచ్చేవాళ్లని ఎవరూ కూర్చోమనరు, కుర్చీలు పాడవుతాయని. ఆయన కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. మేనకోడలు గోడకి ఆనుకుని నిలబడింది. గోడ మీద గని మ్యాపు, బల్ల మీద టీ గ్లాసుల మరకలు. గుమాస్తా ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని మూల కూర్చున్నాడు. గనుల తనిఖీకి వచ్చిన ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు మేనేజరు కుర్చీ వద్దని పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"మీరు ఎలక్ట్రీషియనా?"

"అవునండి."

"ఎప్పటి నుంచి?"

"పెళ్లికి ముందు నుంచి."

"ఎప్పటి దాకా?"

మాస్టారికి ప్రశ్న అర్థం కాలేదు. మేనేజరు వైపు చూశాడు. మేనేజరు పెన్ను మూత తీసి పెడుతున్నాడు.

"ఎప్పటి దాకా ఏంటండీ? ఇంకా ఉన్నాను కదా."

"లేరు" అంది ఇన్‌స్పెక్టరు. కోపంగా అనలేదు. బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "ఏడాదికోసారి రిఫ్రెషర్‌కి హాజరు కావాలి. గనివాళ్లు ఆ హాజరు మాకు పంపాలి. పంపకపోతే అర్హత ఆగిపోతుంది. మీ హాజరు పోయినేడాది రాలేదు. ఈ ఏడాదీ రాలేదు."

"నేను క్లాసుకి రాలేదా?"

"హాజరులో లేరు."

"మేడమ్, ఆ క్లాసు చెప్పిందే నేను."

"ఆ సంగతి ఉంది. చెప్పినవాళ్ల పేరు పైన ఉంది. విన్నవాళ్ల పేర్లు కింద ఉన్నాయి. మీరు పైన ఉన్నారు, కింద లేరు."

"పైన ఉంటే క్లాసులో ఉన్నట్టు కాదా?"

"చెప్పినట్టు. విన్నట్టు కాదు."

"నేను చెప్పింది నాకు వినపడదా అండీ?"

గుమాస్తా ఫక్కున నవ్వాడు. మేనేజరు చూసేసరికి దగ్గుగా మార్చేశాడు.

మాస్టారు వెళ్లి గుమాస్తా ఎదురుగా నిలబడ్డాడు. "ఏమయ్యా, కింద కూడా ఓ ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"మిమ్మల్నడిగాను కదా మాస్టారూ" అన్నాడు గుమాస్తా. "బయటి నుంచి వచ్చే ఆయన మానేసి మీరు చెప్పడం మొదలుపెట్టారు చూడండి, ఆ మొదటిసారే అడిగా. కింద కూడా సంతకం పెడతారా అని. మీరేమన్నారు? 'నా పాఠానికి నేనే విద్యార్థినా, ఎవరైనా వింటే నవ్విపోతారు' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా."

మాస్టారికి గుర్తొచ్చింది. ఆ రోజు తనే అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయన వచ్చి మళ్లీ కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు.

మేనకోడలు గోడ వదిలి ముందుకు వచ్చింది. "మరి నా సంగతేంటండీ? నేను కింద సంతకం పెట్టాను."

"నువ్వు పెట్టావమ్మా. పరీక్ష కూడా పాసయ్యావు. నీకిచ్చిన కార్డు చెల్లాలంటే పరీక్షతో పాటు ఏడాది అనుభవం కావాలి. ఎవరి కింద చేశావు?"

"మావయ్య కింద."

"అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ కింద చెయ్యాలి."

ఆ పిల్ల మావయ్య వైపు చూసింది. మావయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ చేతులే కదా నేర్పింది. మరి నేర్పిన కాలంలో అవి ఎవరి చేతులు?

"ఆగండి, ఆగండి" అన్నాడు మేనేజరు. ఆయన బుర్ర కూడా వేడెక్కినట్టుంది. "ఈయన దగ్గర క్లాసు విన్నవాళ్లంతా కూడా చెల్లరా అయితే?"

"చెల్లుతారు. పాఠం చెప్పడానికి అనుమతి వేరు. అది ఈయనకి ఉంది."

"అంటే ఈయన ఎలక్ట్రీషియన్లకి పాఠం చెప్పొచ్చు."

"చెప్పొచ్చు."

"తను మాత్రం ఎలక్ట్రీషియన్ కాడు."

"కారు."

"రేపు ఎవరి దగ్గరన్నా క్లాసు వింటే?"

"మళ్లీ అవుతారు. వేరేవాళ్లు చెప్పాలి."

"ఈ చుట్టుపక్కల క్లాసు చెప్పే మనిషి ఈయన ఒక్కడే కదండీ" అన్నాడు గుమాస్తా.

"అది నాకు తెలుసు" అంది ఇన్‌స్పెక్టరు. ఆమె మొహంలో మొదటిసారి విసుగు కనపడింది. అయితే ఎవరి మీదో తెలియలేదు. "నా సరదా కోసం చెప్తున్నానని అనుకోకండి. పోయినేడాది ఇంకో గనిలో ఒకాయన స్విచ్చి దగ్గర పోయాడు. వాళ్లావిడకి చెప్పడానికి నేనే వెళ్లాను. చూస్తే ఆయనకి అర్హత లేదు, మధ్యలో ఆగిపోయింది. అందరూ ఆయన్ని ఎలక్ట్రీషియనే అనుకున్నారు. ఆయన కూడా అనుకున్నాడు."

ఆమె చెయ్యి చాచింది. మాస్టారు కార్డు ఇచ్చాడు. ఇన్నేళ్లు చొక్కా జేబులో ఉండి దాని మూలలు మెత్తబడ్డాయి. మేనకోడలు కార్డు ఇచ్చింది. దాంతో పాటు తాళం కూడా ఇమ్మంది ఇన్‌స్పెక్టరు. తాళం మీద కార్డు నంబరు ఉంటుంది, రెండూ కలిపి ఇవ్వాలి. ఆ పిల్ల తాళాన్ని బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడు కాస్త ఎక్కువే అయింది.

"మీ తాళం?"

"కింద ఉందండి" అన్నాడు మాస్టారు. "పంపు స్విచ్చి మీద."

"తీసుకురండి" అంది ఆమె. వెంటనే చెయ్యి అడ్డంగా ఊపింది. "వద్దు. మీరు తియ్యకూడదు. తాళం తియ్యడమంటే కరెంటు పనే."

"మరెవరు తియ్యాలి?"

"వేసినవాళ్లే తియ్యాలి."

"వేసింది నేను."

"అదే చెప్తున్నా."

మాస్టారు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా ఫ్యాను వైపు చూశాడు.

"వేసిన మనిషి గనిలో అందుబాటులో లేకపోతే మేనేజరు అనుమతితో ఇంకొకరు తియ్యొచ్చని ఉంది కదండీ" అన్నాడు మేనేజరు.

"ఉంది. ఈయన అందుబాటులోనే ఉన్నారు. ఎదురుగానే ఉన్నారు."

"పోనీ నేను గేటు బయటికెళ్లి నిలబడనా?" అన్నాడు మాస్టారు. వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు.

"మీరు నిలబడినా, తియ్యడానికి వచ్చే మనిషికి అర్హత ఉండాలి. ఇక్కడ ఎవరికుంది?"

ఎవరికీ లేదు. అది చిన్న గని. ఉన్న ఎలక్ట్రీషియన్లు ఇద్దరే, వాళ్ల కార్డులు రెండూ ఆమె చేతి కింద ఉన్నాయి. పక్క గనుల నుంచి మనిషిని రప్పించాలంటే అది రేపటి మాట.

"కింద పంపు ఆగి ఉందండీ" అంది మేనకోడలు. అప్పటిదాకా మర్యాదగా ఉన్న గొంతు కొంచెం మారింది. "జాయింటు విప్పి వదిలేసి వచ్చాం. మూసి, తాళం తీసి, పంపు వెయ్యాలి. ఇక్కడ మనం మాట్లాడుకునేంతసేపూ నీళ్లు వస్తూనే ఉంటాయి."

మేనేజరు లేచి మ్యాపు దగ్గరికి వెళ్లి ఇన్‌స్పెక్టరుకి చూపించాడు. స్విచ్చి గ్యాలరీ మొదట్లో ఉంది. అక్కడి నుంచి దారి ఒక పల్లంలోకి దిగి, అవతల మళ్లీ ఎక్కుతుంది. పంపు అవతలి గట్టు మీద ఉంది. జాయింటు దాని పక్కనే. గట్టు దాటితే దారి లేదు, రాతిగోడ. నీళ్లు ముందు పల్లాన్ని నింపుతాయి, తర్వాత పంపుని ముంచుతాయి. పంపు మునిగితే కింది గ్యాలరీ పోయినట్టే. గ్యాలరీ పోతే గనిలో సగం మందికి పని లేదు.

"నాకర్థమైంది" అంది ఇన్‌స్పెక్టరు. "ఇద్దరూ గనిలోకి దిగొచ్చు. మీరు గని మనుషులే, దాన్ని నేను కాదనను. తీగ, స్విచ్చి, తాళం ముట్టకూడదు."

"అంటే నేను కిందికెళ్లి నా తాళాన్ని చూసి రావచ్చన్నమాట" అన్నాడు మాస్టారు.

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు మళ్లీ తుడుచుకుంది.

అప్పుడు గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. ఒళ్లో ఉన్న హాజరు కాగితం వైపు చూస్తూ, "చివరి వరసలో ఒకరున్నారు సార్" అన్నాడు.

మాస్టారికి ఎవరో తెలిసిపోయింది. "వద్దు" అన్నాడు.

చివరి వరసలో కూర్చునేది ఆయన బావ. అక్క మొగుడు, ఆ పిల్ల తండ్రి. ఈ గనిలో మాస్టారికి ముందు పెద్ద ఎలక్ట్రీషియన్. ఊరికే పేలిపోతాడని గనిలో అందరూ ఫ్యూజు అని పిలిచేవాళ్లు. ఒక రోజు స్విచ్చి పెట్టె దగ్గర మెరుపు లేచి కుడి చేతి వేళ్లు రెండు పోయాయి. రిటైరయ్యాడు. కూతురు గనిలో ఇదే పనిలో చేరిన రోజు నుంచి బామ్మర్దితో మాటలు మానేశాడు. అయినా రిఫ్రెషర్ క్లాసు మాత్రం మానలేదు. టీ కోసం వస్తున్నానని చెప్పేవాడు. చివరి వరసలో కూర్చుని గోడకేసి చూస్తూ, "పాఠం చెప్పేవారిని ఎవరైనా అడగండయ్యా, ఎర్తు తీగ సంగతి చెప్పడం మర్చిపోయారేమో" అనేవాడు. టీ తాగేముందు సంతకం పెట్టేవాడు.

"ఆయన కార్డు చెల్లుతుందా?" అన్నాడు మేనేజరు.

ఇన్‌స్పెక్టరు కాగితం తీసుకుని చూసింది. చూసి గుమాస్తాని రెండు ప్రశ్నలడిగింది. ఒంట్లో బాగుందన్న డాక్టరు చీటీ ఉందా? ఉంది. అవసరానికి పిలిచే రిటైర్డువాళ్ల జాబితాలో ఉన్నాడా? ఉన్నాడు.

"చెల్లుతుంది" అంది. "ఆయన వచ్చి పక్కన నిలబడితే, ఆయన కింద ఈయన పని చెయ్యొచ్చు. తాళం కూడా తియ్యొచ్చు."

"ఆయన రాడు" అన్నాడు మాస్టారు.

"నేను చెప్తాను నాన్నకి" అంది మేనకోడలు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మావయ్యా, మీరు పెద్దవాళ్లు. ఈ ఒక్క పూట పంతాలు పక్కన పెట్టండి, మీకు దండం పెడతా." వెళ్లిపోయింది.

బావ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గదిలో అందరికీ ఎడమ చేత్తో నమస్కారం చేసి, గోడ మీది మ్యాపుతో మాట్లాడాడు.

"ఇక్కడ ఎలక్ట్రీషియన్ కావాలన్నారట. ఒక్కడూ లేడటగా."

"ఉన్నారండీ, మీరున్నారు" అన్నాడు మేనేజరు, లేచి నిలబడి.

"పాఠాలు చెప్పేవాళ్లున్నారు కదా?"

"బావా" అన్నాడు మాస్టారు.

బావ మ్యాపునే చూస్తున్నాడు. "ఎవరో పిలిచినట్టుంది."

"అమ్మాయి ఏదీ?" అని అడిగాడు మాస్టారు.

దానికి మాత్రం తిరిగాడు. "నేను చొక్కా మార్చుకునేలోపు వెళ్లిపోయింది. నాతో కలిసి నడిస్తే పరువు తక్కువ కాబోలు. ఇక్కడికి రాలేదా?" ఆగకుండా గుమాస్తాతో అన్నాడు. "నాకో తాళం ఇప్పించు. నా పాతది వంటింటి తలుపు మేకుకి ఉండాలి, వచ్చేటప్పుడు చూస్తే లేదు. ఇల్లాలు ఎక్కడో సర్దేసింది."

గుమాస్తా కొత్త తాళం ఇచ్చి, రెండు చోట్ల సంతకం పెట్టించుకున్నాడు. "ఇంకెక్కడన్నా పెట్టాలా? పైనా కిందా చూసుకో" అన్నాడు బావ. ఈసారి గుమాస్తా నవ్వలేదు.

దిగేముందు టోపీ దీపాలు తీసుకునే లైట్ల గదిలో ఇద్దరే ఉన్నారు. బెల్టుకి బ్యాటరీ బిగించుకుంటుంటే మిగిలిన మూడు వేళ్లతో బావకి బకిల్ పట్టు దొరకలేదు. మాస్టారు వంగి బిగించాడు. బావ వద్దనలేదు.

"బామ్మర్దీ."

ఆ పిలుపు విని చాలా కాలమైంది. మాస్టారు వంగినవాడు అలాగే ఉండిపోయాడు. "ఆఁ బావా."

"ఇవాళ కింద నేను చెప్పింది నువ్వు వినాలి."

"వింటా."

"బాగా వింటే హాజరు వేయిస్తా."

మాస్టారికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే బావ రెండో మాట అన్నాడు.

"ఈ పని అయ్యాక అమ్మాయి తీగ ముట్టకూడదు. నువ్వు చెప్పాలి దానికి."

"నేనా?"

"నేర్పింది నువ్వు. మానిపించాల్సిందీ నువ్వే. చేసిన ఏడాది చెల్లదన్నారటగా. 'ఇంకో ఏడాది నా కింద పెట్టుకోను' అని నువ్వే దానికి చెప్పు. ఇంకెక్కడికి పోతుంది?"

"బావా, నేను దాన్ని రమ్మనలేదు. దానంతటదే వచ్చింది."

"నీ వెనకాల వచ్చింది" అన్నాడు బావ. "నా వెనకాల రాలేదు."

అన్నాక టోపీ పెట్టుకుని, లైటు వేసి చూసి, ఆపాడు. ఏడాదిగా బావ కోపమంతా కూతురు తీగ పట్టుకుందనే అని మాస్టారు అనుకున్నాడు. అదొక్కటే కాదేమో. పొద్దున్న లేచినప్పుడు తనకి తెలిసిన సంగతులు ఒక్కొక్కటే చేజారిపోతున్నాయి. తను ఎలక్ట్రీషియన్ కాదు. మేనకోడలికి నేర్పింది నేర్పినట్టు కాదు. బావ కోపం కోపం కాదు. నీళ్లు మాత్రం నీళ్లే, కింద పెరుగుతూ ఉన్నాయి.

"సరే. చెప్తా" అన్నాడు.

అది ఇచ్చిన మాటో, ఆ పూట గడవడానికి అన్నదో, ఆయనకే తెలియదు.

లిఫ్టు దగ్గర ఉండే మనిషి వీళ్లని చూసి ఏదో చెప్పబోయాడు. బావ అతని భుజం మీద చరిచి, "ఏమోయ్, పోయాననుకున్నావా? ఇంకా ఉన్నా. ఇవాళ ఈ గనిలో అర్హత ఉన్నవాణ్ని నేనొక్కణ్నే" అన్నాడు. అతను కూడా నవ్వి ఇంకేదో అడిగాడు. చెప్పబోయిన మాట అక్కడే మరుగున పడింది. లిఫ్టు దిగింది.

గ్యాలరీలో నడుస్తున్నంతసేపూ బావ గోడలు చూస్తూ నడిచాడు. ఏ కొక్కెం ఎవరు కొట్టిందో చెప్పాడు. పంపు చప్పుడు లేదు. చప్పుడు లేని ఆ దారి మాస్టారికి కొత్తగా ఉంది. ఎక్కడో నీళ్లు జారుతున్న చప్పుడు ముందు నుంచి వస్తోందో వెనక నుంచో తెలియలేదు.

స్విచ్చి పెట్టె కనపడింది. బావ రెండడుగులు వెనక నిలబడి, లైటు దాని మీదికి తిప్పి, గట్టిగా అన్నాడు. "నేను చూస్తున్నాను. తియ్యి."

మాస్టారు జేబులోంచి తాళంచెవి తీశాడు. అంత పెద్ద ఆఫీసులో, అంతమంది పొద్దుటి నుంచి తిప్పలు పడ్డది ఈ ఒక్క మలుపు కోసం. తాళం తెరుచుకుంది. కొక్కెం లోంచి లాగి చేతిలోకి తీసుకున్నాడు. స్విచ్చి పిడి మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు.

కొక్కేనికి ఇంకో తాళం ఉంది. తన తాళం వెనక, గోడ వైపున.

"బావా, ఇదెవరిది?"

"ఎవరిదేంటి? పొద్దున్న మీరిద్దరేగా ఉంది."

"అమ్మాయి తనది తీసేసుకుంది. మేడమ్ బల్ల మీద పెట్టింది. నేను చూశా."

మాస్టారు లైటు దగ్గరగా పెట్టాడు. గని తాళాలన్నీ ఎర్ర రంగు వేసినవి, నంబరు కొట్టినవి. ఇది ఇత్తడిది. నంబరు లేదు, పేరు రాసి కట్టే చీటీ లేదు. పక్కన రంపంతో కోసిన గీతలున్నాయి. రెండు.

బావ దగ్గరికి వచ్చాడు. ఎడమ చేత్తో తాళాన్ని పట్టుకుని వెలుగులోకి తిప్పాడు. వేళ్లు పోయినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక, పెరట్లో కూర్చుని ఆ గీతలు గీసుకున్నాడు. ఒక్కో వేలికి ఒకటి. ఆ రోజు ఆ పిల్ల పక్కనే కూర్చుని తాళాన్ని కదలకుండా పట్టుకుంది.

"ఇల్లాలు సర్దలేదు" అన్నాడు.

స్విచ్చి పక్కనున్న ఫోను మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. బావ ఎత్తాడు. మేనేజరు గొంతు మాస్టారికి కూడా వినపడుతోంది.

"తాళం తీశారా?"

"ఒకటి తీశాం. ఇంకోటుంది."

"ఇంకోటా? ఎవరిది? చీటీ ఉందా?"

"లేదు."

"నంబరు?"

"లేదు."

అటువైపు మేనేజరు ఎవరితోనో మాట్లాడాడు. మళ్లీ వచ్చాడు. "నంబరు లేని తాళం గని తాళం కాదు కదండీ. ఎవరో తెలియకపోతే అందుబాటులో లేనట్టే లెక్క. అర్హత ఉన్నవారు మీరున్నారు. నేను అనుమతి ఇస్తున్నా. కోసేసి పంపు వేయించండి, నీళ్లు..."

"దాని మనిషి తెలుసు" అన్నాడు బావ. "అందుబాటులోనే ఉంది." ఫోను పెట్టేశాడు.

మాస్టారికి మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. ఇంటికి వెళ్లి తండ్రికి చెప్పింది. ఆయన చొక్కా మార్చుకునేలోపు మేకు నుంచి తాళం తీసుకుంది. గనిలోకి దిగొచ్చన్నారు కదా, దిగింది. నీళ్లు పల్లం నింపకముందే అవతలి గట్టుకి చేరి, విప్పి వదిలేసిన జాయింటు మూసేద్దామనుకుంది. మావయ్యా నాన్నా వచ్చేసరికి పంపు సిద్ధంగా ఉంటుందనుకుంది. తీగ ముట్టకూడదన్నారు, ముట్టింది. అయితే ముట్టేముందు తాళం వేసింది. మావయ్య తాళం ఎలాగూ ఉంది కదా అనుకోలేదు. నేర్పినట్టే చేసింది.

"నీ తాళం మళ్లీ వెయ్యి" అన్నాడు బావ.

"ఆఁ?"

"వెయ్యమంటున్నా. నేనూ వేస్తున్నా."

మాస్టారు తీసిన తాళాన్ని మళ్లీ కొక్కేనికి వేశాడు. బావ కొత్త తాళం దాని పక్కన వేశాడు. మూడు తాళాలు. ఇద్దరూ పల్లం వైపు పరుగెత్తారు. బావ వయసుకి అది పరుగే.

పొద్దున్న పల్లంలో నీళ్లు చీలమండ దాకా ఉన్నాయి. ఇప్పుడు దారి నీళ్లలోకి దిగి, నీళ్లు పైకప్పుని తాకి, అవతల ఏమీ కనపడటం లేదు. లైటు వేస్తే నీళ్ల మీదే ఆగిపోతోంది. పైకప్పు కొక్కేలకి వేలాడుతూ వచ్చిన పంపు కేబులు ఆ నీళ్లలోకి వెళ్లిపోయింది.

"అమ్మాయీ!" అని అరిచాడు మాస్టారు.

బావ అరవలేదు. నోరు తెరిచాడు గాని మాట రాలేదు. ఏడాదిగా బామ్మర్దితో మానేసిన మాటలు కూతురితో కూడా సగం మానేశాడు. చివరికి మాట వచ్చింది. "చిట్టితల్లీ! నాన్నని!"

జవాబు లేదు. నీళ్లు తగ్గాలంటే పంపు తిరగాలి. పంపు తిరగాలంటే ఇత్తడి తాళం తియ్యాలి. దాని చెవి నీళ్లకి అవతల, ఆ పిల్ల జేబులో ఉంది. తాళం కోసి స్విచ్చి వేస్తే, కరెంటు తిన్నగా విప్పిన జాయింటు దగ్గరికే వెళ్తుంది. అక్కడ ఉన్నవి ఆ పిల్ల చేతులు.

వెనకాల స్విచ్చి దగ్గర ఫోను మళ్లీ మోగుతోంది. ఇద్దరిలో ఎవరూ తిరిగి చూడలేదు.

మాస్టారు కేబులు వైపు చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి గాలిలోనే ఆగింది. ముట్టకూడదు. తాళాలు మూడున్నాయి, కరెంటు లేదు, అయినా చెయ్యి ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఆయన తన చేతిని నమ్మడం మానేశాడు.

"ముట్టుకో" అన్నాడు బావ. "నేను చూస్తున్నా. ముట్టుకో."

మాస్టారు కేబులు మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది, తడిగా ఉంది. ఊపిరి బిగబట్టాడు. ఏమీ లేదు. చెయ్యి తీసెయ్యబోతుండగా అవతలి నుంచి ఎవరో లాగినట్టు కేబులు కదిలింది.

ఒకసారి కదిలింది. ఆగింది.

బావ కూడా మూడు వేళ్ల చెయ్యి దాని మీద పెట్టాడు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. కేబులు మళ్లీ కదల్లేదు.